నల్లరాతి వెనుక నిలిచిన నీళ్ళు

తొంభైల చివరి మాట. మా బామ్మర్ది రాజేశం ఎనిమిదేళ్ళుగా భివండిలో ఇంకొకరి షెడ్డులో మగ్గాలు నడుపుతున్నాడు. గుజరాత్‌లోని కచ్‌లో ఎవరో జాగా చూపించారట. అక్కడ నూలుకు రంగులద్దే సొంత షెడ్డు వేస్తానని, నీళ్ళు చూసి చెప్పమని నన్ను వెంటబెట్టుకున్నాడు. నేనూ మగ్గం మనిషినే, నూలు గురించి అడిగితే గంటసేపు చెబుతాను. నేల గురించి అడిగితే నీళ్ళు నములుతాను. అయినా బావనయ్యాక తప్పుతుందా?

పొద్దున తొమ్మిదికి భివండిలో మేముండే పద్మనగర్‌లో బయలుదేరి, బస్సులో వసాయి చేరి మధ్యాహ్నం రైలెక్కాం. మా ఆవిడ కట్టిచ్చిన జొన్నరొట్టెలు, వెల్లిపాయ కారం సూరత్ దాటకముందే అయిపోయాయి. ఎదుటి సీటు పెద్దమనిషి మా పని విని నవ్వాడు: "రంగుల షెడ్డుకు కచ్ పోతున్నారా? మా దగ్గర స్నానానికే చెంబులు లెక్కపెట్టుకుంటాం!"

మర్నాడు గాంధీధామ్‌లో దిగి, బస్సు, ఆపైన జీపు. పదకొండింటికి ముళ్ళపొదలు, పసుపు రాతి గుట్టలు తప్ప ఏమీ లేని చోట హఠాత్తుగా పచ్చటి రెల్లు. బురదలో పొట్టదాకా మునిగిన గేదెలు. పల్లం చివర నడుమెత్తు నల్లరాయి గోడలా అడ్డంగా సాగింది. అచ్చం మా భివండి గుట్టల రాయే.

"సూసినవా బావా! నీళ్లు గీ బండకాడనే ఆగినయ్. రెండు మూరలు కొట్టిపిస్తే మోటర్ లేకుంటనే షెడ్డుకు ఉరుకుతయ్," అన్నాడు రాజేశం. పక్క ఊళ్ళో రాళ్ళు కొట్టేవాళ్ళకు మర్నాడు రమ్మని జీపువాడితో కబురు కూడా పంపాడు. భివండివాడికి నల్లరాయి కనిపిస్తే క్వారీయే గుర్తొస్తుంది, నేనూ తలూపాను.

గేదెలు తోలుకొచ్చిన జీవీబేన్ అనే ముసలమ్మకు మా చేతుల ఊపులోనే సంగతి అర్థమైంది. "నా గేదెలు ఎక్కడికి పోవాలి, భాయ్?" అంది హిందీలో. రాతికి పైవైపున్న బావిలో చేద వేసింది. రెండు బారల లోతులోనే నీళ్ళు తగిలాయి. తర్వాత రాతికి కిందివైపు, యాభై అడుగుల దూరంలో ఉన్న బావి దగ్గరికి తీసుకెళ్ళి రాయి విసిరింది. చాలాసేపటికి పొడి నేల మీద పడిన చప్పుడు.

"వాన గుట్టల మీద పడుతుంది. పసుపు రాయి తాగేస్తుంది. లోపల్లోపలే నడిచొస్తుంది. ఈ నల్లది అడ్డం నిలబడితేనే పైకి లేస్తుంది," అంది.

నా సీసాలో నీళ్ళు పసుపు రాతి మీద పోశాను. ఇంకిపోయాయి. నల్లదాని మీద పోశాను. జారిపోయాయి.

నేను కొత్తగా మగ్గమెక్కినప్పటి సంగతి గుర్తొచ్చింది. పడుగు దారాలు చుట్టిన బీముకు, అవి బిగువుగా ఉండేందుకు వేలాడదీసే బరువులు మగ్గానికి భారమనుకుని తీసేశాను. పడుగంతా వదులై, చిక్కుపడి, మూడురోజులు విప్పుతూ కూర్చున్నాను. రాజేశానికి అదే చెప్పి, "ఈ బండ కూడా ఆ బరువు లాంటిదేరా, తీస్తే ఉన్న నీళ్ళూ పోతాయి," అన్నాను.

"నువ్ నీళ్లు సూడనీకి వచ్చినవా, నన్ను ముంచనీకి వచ్చినవా?" అని లేచిపోయాడు. కాసేపు ఎండిన బావి గట్టున ఒక్కడే కూర్చుని, తనూ ఒక రాయి వేసి విన్నాడు. సాయంత్రం అయిదింటికి ఊళ్ళోకి నడిచి, కొట్టేవాళ్ళను రావద్దని చెప్పొచ్చాడు.

మీరెవరైనా వెళితే చలికాలంలో వెళ్ళండి. రెల్లు చూసి ఆగిపోకుండా, ఆ రెండు బావుల్లోకీ తొంగిచూడండి.

తిరుగు రైలులో వసాయి చేరి మళ్ళీ బస్సెక్కాం. భివండిలో దిగేసరికి ఉదయం ఏడు. రాజేశం ఇంటికి పోకుండా సంచితోనే తను పనిచేసే సేటు షెడ్డుకు నడిచాడు, నేనూ వెంట వెళ్ళాను. మగ్గం నడిపేముందు వంగి, బీము బరువులు రెండూ చేత్తో తడిమి చూశాడు.

"ఏంది బావా, గట్ల సూస్తున్నవ్? తియ్యలే," అన్నాడు.