కంచం దగ్గర మూడు ఆశ్చర్యార్థకాలు

నేను ఏడో తరగతి దాకా చదివాను. అందులో ఆరో తరగతి నాకు బాగా నచ్చి రెండేళ్లు ఉన్నాను. ఆ తర్వాత చదువు నన్ను వదిలిందో, నేనే చదువును వదిలానో ఇప్పటికీ తేలలేదు గానీ, మా ఇద్దరికంటే మా పంతులుగారే ఎక్కువ సంతోషించారు.

పంతొమ్మిదివందల అరవైల మొదట్లో కోట అనే ఊళ్లో డేరా సినిమాకు ప్రచారం చేసేవాణ్ణి. ఒంటెద్దు బండిలో కూర్చుని, రేకు గొట్టం నోటికి ఆనించుకుని, రంగు కాగితాలు విసురుతూ పల్లెలన్నీ తిరగడం నా పని. ఆ కాగితాల మీద మాటలు కూడా నావే. 'రండి! చూడండి! కడుపుబ్బ నవ్వండి!' నాకు తెలిసిన రాత అదొక్కటే. నిలువు గీత గీసి కింద చుక్క పెట్టందే వాక్యం పూర్తయినట్టు అనిపించేది కాదు.

అలాంటివాణ్ణి కథ రాశాను. మా నాయన కథ. నా చిన్నప్పుడు గాలివానలో, సముద్రం వైపు బీడులో మేస్తున్న గొడ్లను తోలుకొస్తానని పోయి ఆయన తిరిగి రాలేదు. తొమ్మిది రోజులు అమ్మ ఆయన కంచంలో అన్నం పెట్టి, మూత వేసి, ఎదురు చూసింది. పదో రోజు కంచం పెట్టలేదు. కథంతా అంతే. మద్రాసు వారపత్రిక ఒకటి కొత్తవాళ్ల కథలు అడిగింది. సోమవారం టపాలో వేస్తేనే గడువుకు అందుతుంది.

అమ్మకు చదువు రాదు. కథ సంగతి ఎవరో చెవిన వేశారు.

"నా కత ఊరోళ్లు చదివే ముందు నేను వినాల. ఇష్టం లేకపోతే పొయ్యిలో పెడతా," అంది.

"ఇప్పుడే చదువుతా, వినమ్మా."

"నువ్వు చదవబాక. నువ్వు చదివితే మందు చీటీ కూడా సినిమా మాదిరే ఉంటాది. ఆదివారం ఆ టైలరన్న చేత చదివించు."

టైలరన్న అంటే బజారులో మూడు మిషన్ల కొట్టు పెట్టిన పెద్ద సాయిబు. ఆయన కాళ్లు తొక్కుడుకు పనికిరాకుండా పోయాక కొడుకులు ముగ్గురూ కుట్టేవాళ్లు, ఆయన మధ్యాహ్నం బస్సుకు వచ్చే పేపరు వాళ్లకు పైకి చదివేవాడు. కాగితం మీద ఎట్లా ఉంటే అట్లాగే చదివేవాడు. చుక్క ఉంటే ఆగుతాడు. లేకపోతే ఊపిరి చిక్కకపోయినా ఆగడు. నేను గొంతు వణికించడానికి, చేయి తిప్పడానికి అక్కడ వీల్లేదు. కాగితం ఒక్కటే అమ్మ ముందు నిలబడాలి.

గురువారం నాడు, ఎవరో రాసిన కథ అని చెప్పి ముందుగా ఆయనకిచ్చాను. ఆయన కళ్లజోడు సర్దుకుని మొదలుపెట్టాడు. గీత కనిపించిన చోటల్లా గొంతు పెంచాడు. గాలి వీచింది! వాన కురిసింది! గొడ్లు అరిచాయి! పదో రోజు దగ్గరికి వచ్చేసరికి మెడనరాలు ఉబ్బాయి. అక్కడ నేను మూడు గీతలు పెట్టాను మరి. "అమ్మ కంచం పెట్టలేదు!!!"

నడిమి కొడుకు మిషను ఆపి పకపకా నవ్వాడు. "ఇది రోజుకు రెండాటలా, మూడాటలా అబ్బయా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నవ్వకపోతే దొరికిపోతాను కదా. నన్ను చూసి జనం నవ్వితే అది నాకు కూలి. కానీ ఆ వాక్యం రాస్తూ నేను ఏడ్చాను. ఆదివారం అమ్మ ఈ కొట్టు బల్ల మీదే కూర్చుంటుంది. ఆమె కంచాన్ని చూసి జనం నవ్వితే?

పెద్దాయన మాత్రం నవ్వలేదు. కాగితాలు మడిచి ఇస్తూ మెల్లగా అడిగాడు.

"మీ నాయన సంగతి గదా ఇది?"

తల ఊపాను.

"చొక్కా నిండా గుండీలే కుట్టినావు. ఎట్ట తొడుక్కునేదిరా?"

ఇంటికొచ్చి గీతలన్నీ కొట్టేశాను. కొట్టేశాక కథ బోడిగా కనిపించి భయం వేసింది. వారపత్రికల్లో బాధ వచ్చిన చోటల్లా చుక్కలు వరసగా పెడతారని గుర్తొచ్చి, మూడేసి చుక్కలు చల్లాను. శనివారం పొద్దున పెద్దాయన ప్రతి చుక్క దగ్గరా ఆగి, ఊపిరి పీల్చి, మళ్లీ మొదలుపెట్టాడు. లుంగీ కుట్టించుకోవడానికి వచ్చినాయన కాసేపు విని, "తాతకు ఆయాసమా? డాక్టరుకు చూపించకూడదా?" అన్నాడు.

ఇక మిగిలింది ఒక్క రోజు. కాగితాలు ముందేసుకుని, పెదవులు కదుపుతూ పెద్దాయన మాదిరే చదువుకున్నాను. ఏ వాక్యానికి గుర్తులు ఎక్కువ తగిలించానో ఆ వాక్యంలోనే సరుకు తక్కువని అప్పుడు తెలిసింది. గాలి ఎంత గట్టిగా వీచిందో చెప్పడం చేతగాక మొదట గీత, తర్వాత చుక్కలు పెట్టాను. ఇప్పుడు ఆ చుక్కలు తీసి, పాక కప్పు ఎగిరి పక్కింటి దిబ్బ మీద పడిందని రాశాను. కంచం దగ్గర ఒక్క చుక్క ఉంచాను. దాని తర్వాత అమ్మ కన్నీళ్ల మీద అరపేజీ రాసి ఉంది. అది కొట్టేయడానికి చేయి ఆడలేదు. అది పోతే నేను ఏడ్చానని ఎవరికి తెలుస్తుంది? పెన్సిలు పెట్టాను, తీశాను, మళ్లీ పెట్టాను. చివరికి కళ్లు మూసుకుని కొట్టేశాను.

ఆదివారం అమ్మ తలమీద కొంగు కప్పుకుని బల్ల చివర కూర్చుంది. పెద్దాయన చదివాడు. ఎక్కడా గొంతు పెంచలేదు, పెంచమని కాగితంలో నేను చెప్పలేదు. తొమ్మిదో రోజు దాకా మిషన్లు ఆడుతూనే ఉన్నాయి. "పదో రోజు అమ్మ కంచం పెట్టలేదు." ఆయన ఆగాడు. ఒక మిషను ఆగింది, తర్వాత రెండోది, మూడోది. ఎవరూ నవ్వలేదు. అమ్మ ముఖం కొంగు చాటున ఉంది. పొయ్యా, టపానా?

అమ్మ పెద్దాయన వైపు తిరిగి, "అన్నా, అది కవర్లో పెట్టి అంటించు," అంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. వెంటనే పాత బుద్ధీ లేచొచ్చింది.

"ఏమ్మా, నేను బాగా రాసినానా, అన్న బాగా చదివినాడా?"

అమ్మ లేచి కొంగు దులుపుకుంది.

"నువ్వు నోరు మూసుకున్న కాడల్లా బాగుండాదిరా."