అల్ ఐన్‌లో దొరగారి పుస్తకాలు

ఇంగ్లండు పార్లమెంటులో పాతికేళ్లు కూర్చుని, రిటైరయ్యాక దుబాయ్‌కి రెండు గంటల దూరంలోని అల్ ఐన్‌లో స్థిరపడిన దొరగారు నన్ను తన ఇంటికి ఆహ్వానించారు. నిజానికి ఫోన్ చేసింది ఆయన ఇంట్లో పనిచేసే సత్యవతి. ఆమెదీ నాదీ రాజోలు దగ్గర ఒకే ఊరు. నేను దుబాయ్‌లో మా అమ్మాయి ఇంటికి వచ్చి అప్పటికి నెలయింది.

“సార్‌కి కళ్లు మసకలొచ్చేసినియ్ బాబాయ్. చదివి వినిపించే మనిషిని పెట్టుకుని నన్ను పంపేత్తారంట. మీరు లైబ్రరీలో చేసేరు కదా, నా గురించో మంచి మాట చెప్పండి,” అంది.

శనివారం ఉదయం ఆరున్నరకు ఇంటర్నేషనల్ సిటీలో బస్సెక్కి, మెట్రో మారి, ఎనిమిదికి అల్ గుబైబా బస్టాండులో అల్ ఐన్ బస్సు పట్టుకున్నాను. టికెట్టు పాతిక దిర్హాములు, ప్రయాణం రెండు గంటలు. బస్సులో తిననివ్వరు, ఇడ్లీలు ఎక్కేముందే ముగించండి. పక్క సీటులో జగిత్యాల మేస్త్రీ.

“ఏడికి తాతా?”

“ఓ ఇంగ్లీషు దొర నా సలహా అడిగాడు.”

“మా ముదీరే, గదే మా మేనేజరే, మాతోని సక్కగ మాట్లాడడు. నువ్వు పెద్దోనివే!”

పదిన్నరకు టాక్సీలో విల్లా చేరాను. గదిలో పదివేల పుస్తకాలు. నేను లెక్కపెట్టింది ఒక్క బీరువా, మిగతాది ఉత్సాహం.

దొరగారిది గొర్రెల మందలు, ఆపిల్ తోటలు ఉన్న కుటుంబం. సభలో ఓటింగ్ ఉందంటే పొలం బురద బూట్లతోనే రైలెక్కేవారట. ఆయన పుస్తకాలు తనను గెలిపించిన ఊళ్ల వరసలో ఉన్నాయి. ఒక ఊరివాళ్లు వంతెన కూలిందని ఉత్తరం రాస్తే, వంతెనల మీద పుస్తకం కొని చదివాకే సభలో లేచేవారు. ఆ ఉత్తరం ఇప్పటికీ ఆ పుస్తకంలోనే ఉంది. ఇంత శ్రద్ధ నేనెక్కడా చూడలేదు.

ఆ అభిమానంలో, టీ తాగుతూ, నోరు జారాను. ముప్ఫై ఏళ్లు జిల్లా గ్రంథాలయాన్ని ఏలానన్నాను.

“అయితే ఈమె బదులు మీరే వచ్చేయండి,” అన్నారు దొరగారు.

సత్యవతి ట్రే బల్ల మీద పెట్టేసి నా వైపు తిరిగింది. “ఇదేంటి బాబాయ్! మంచి మాట చెప్పమంటే నా కూడు మీరే లాగేసుకుంటారా?” అంది తెలుగులో.

“అయ్యా, నేను అటెండర్ని. తాళం తీసి, దుమ్ము దులిపి, తేదీ ముద్ర వేసేవాణ్ణి. మీ వంతెన పుస్తకం వెతకమన్నా నా వల్ల కాదు. ఈమెను అడగండి,” అన్నాను.

సత్యవతి నిమిషంలో ఆ పుస్తకం తెచ్చింది. ఉత్తరం విప్పి, మాట మాట కింద వేలు పెట్టుకుంటూ ఇంగ్లీషులో చదవసాగింది.

దొరగారు ముందుకు వంగారు. “నీకు చదవడం వచ్చా?”

“పదో తరగతి దాకా చదివేను సార్. తుడిచేటప్పుడు ఈ ఉత్తరాలే చదువుకునేదాన్ని. మీరెప్పుడూ అడగలేదు.”

“ఊరూరా గుమ్మాలెక్కి ఏం కావాలని అడిగాను. నా ఇంట్లో అడగలేదు,” అని పక్కన కుర్చీ లాగి ఆమెను కూర్చోమన్నారు. వేరే మనిషి అక్కర్లేదన్నారు.

సాయంత్రం నాలుగున్నర బస్సుకు నేను లేచేసరికి ఆమె ఏడో ఉత్తరంలో ఉంది. గేటు దాకా ఎవరూ రాలేదు. పెద్దమనుషులను చాలామందిని చూశాను. చాలామంది అంటే ఇద్దరు. తప్పు తెలిసిన మరుక్షణం కుర్చీ వేసినవాడు ఈయనొక్కడే.