తరవాణి కుండ

గంజిలో నీళ్లు కలిపి కుండలో పులియబెడితే తరవాణి అవుతుంది. కోస్తా నుంచి బాన్సువాడ వచ్చి స్థిరపడ్డ మా అమ్మమ్మ ఎండాకాలమంతా అదే తాగేది. నేను పెడితే మాత్రం రెండుసార్లూ కుళ్లిపోయింది.

"గీ కంపేంది అక్కా, పారబొయ్యరాదు?" అంది పక్కింటి కోడలు ముక్కు మూసుకుని.

పారబోశాను. మొండిగా మళ్లీ పెట్టాను. ప్రతిసారీ కుండ ఖాళీ చేసి సబ్బుతో తోమడమే నా తప్పని అప్పుడు తట్టింది. అమ్మమ్మ ఎన్నడూ అడుగంటా తీసేది కాదు, మిగిలిన పులుపు మీదే కొత్త గంజి పోసేది. నేనూ అలాగే చేశాను. కుదిరింది.

వరికోతల నుంచి ఎండకు వాడి వచ్చిన ఆ కోడలే రెండు గ్లాసులు తాగి కుండలోకి తొంగి చూసింది.

"ఇంకా ఉన్నది గదక్కా, పొయ్యి!"

"ఉంది. అది రేపటిది," అని మూత పెట్టేశాను.