మేళ్లచెరువు బండ

మాది కాకినాడ. కాలేజీలో జీవశాస్త్రం చెబుతాను. రెండేళ్ల క్రితం మేళ్లచెరువులో బస్సు కోసం ఎదురుచూస్తూ, ఒక టీ కొట్టు ముందున్న సున్నపురాతి బండ మీద కూర్చోబోయి ఆగిపోయాను. ఉల్లిపాయను అడ్డంగా కోసినట్టు బండ నిండా గుండ్రటి పొరలున్నాయి.

కొట్టు నడిపే ఎల్లమ్మవ్వ నన్ను గమనించింది. "ఏం చూస్తున్నవ్ బిడ్డా? క్వారీల పనిచేసినప్పుడు తెచ్చుకున్న బండ గది."

"ఇవి ఒకప్పటి ప్రాణుల ఆనవాళ్లు అవ్వా. కంటికి కనబడనంత చిన్న ప్రాణులు, పొరమీద పొరగా పేరుకుని ఇలా రాయిగా మారాయి. జంతువులింకా పుట్టకముందు సముద్రంలో బతికాయి. వాటికీ మనకూ మూలం ఒకటే."

ఈ మాట చెబితే మా బంధువుల్లో చాలామంది కోతుల ప్రస్తావన తెచ్చి నవ్వుతారు. ఆమె నవ్వలేదు. టీ గ్లాసు నా చేతిలో పెట్టి అడిగింది.

"మనకు అంటే ఎవలకు? మా వాడోళ్లకు, ఊళ్లె దొరలకు గూడనా?"

"అందరికీ అవ్వా. మేకకు, వేపచెట్టుకు కూడా."

ఆమె వంగి, ఆ పొరల మీది దుమ్మును పైటచెంగుతో తుడిచింది. "దొర గడప తొక్కిండని మా నాయినను కొట్టిన్రు. గప్పుడు నేను చిన్నపిల్లను," అంది మెల్లగా.

ఇరవై ఏళ్లుగా పరిణామ సిద్ధాంతం చెబుతున్నాను. ఆ పాఠం ఒక మనిషికి ఇంత అవసరమని అప్పటిదాకా నాకు తెలియదు.

బస్సు ఎక్కబోతుంటే ఆమె వెనక నుంచి పిలిచింది.

"బిడ్డా, గీ ముచ్చట బడిల పిల్లలకు చెప్తరా?"

"చెబుతాం అవ్వా."

"అందరిని ఒక్కతాన కూసోబెట్టి చెప్పున్రి."