చలిగదిలో ఉక్కపోత

మా వైపు చలిని ఎవరూ లెక్కచేయరు. డిసెంబరు వస్తే తెనాలిలో మఫ్లర్లు బయటికొస్తాయి, పది గంటలకల్లా మళ్లీ బీరువాలోకి పోతాయి. "మనకేం చలండీ, చలంటే ఢిల్లీలో" అనుకుంటాం. అలాంటి ఊళ్లో పుట్టి, మనుషుల్ని చలి నుంచి కాపాడే ఉద్యోగం చేశాను నేను. ఎంత చక్కగా కాపాడానో ఇన్నాళ్లూ మా ఇంట్లో కూడా చెప్పలేదు.

రేపల్లె దాటాక ఉన్న ఒక రొయ్యల కంపెనీలో ఫ్రీజర్ సూపర్‌వైజర్‌ని. రొయ్యల అట్టపెట్టెలు పేర్చే పెద్ద గది అది. లోపల సున్నాకి ఇరవై డిగ్రీలు కింద ఉంటుంది. తలుపు బయట రెండు కోట్లు వేలాడేవి, మోకాళ్ల దాకా వచ్చేవి. వాటి జేబుల్లోనే మందపాటి చేతి తొడుగులు. కోటు లేకుండా లోపలికి వెళ్లకూడదు, ఇరవై నిమిషాలకోసారి బయటికి రావాలి. ఈ మాటలు కాగితం మీద రాసి గోడకి అంటించింది నేనే. నెలకోసారి పనివాళ్లని నిలబెట్టి క్లాసు పీకిందీ నేనే. రిజిస్టర్లో ప్రతి పేరు ఎదుట, కోటు వేసుకున్నాడని టిక్కు పెట్టేదీ నేనే.

తెనాలి నుంచి రోజూ బండి మీద వెళ్లొచ్చేవాణ్ణి. ఆ చలికాలం పొలాల మీద మంచు బాగా పట్టింది. భట్టిప్రోలు చేరేసరికి ముక్కు ఉందో లేదో తడుముకోవాల్సి వచ్చేది. ఆ రెండు కోట్లలో ఒకదాని జిప్పు పోయింది, రెండోది కొత్తది. ఓ సాయంత్రం ఆ కొత్తది తొడుక్కుని ఇంటికి వచ్చాను. అబ్బ, ఎంత హాయిగా ఉందో! పొద్దున్నే తెచ్చి కొక్కేనికి తగిలించేస్తున్నా కదా, ఎవరికి నష్టం అనుకున్నాను. నెల తిరిగేసరికి అది నా కోటే అయిపోయింది.

ఒక ఆదివారం మా ఆవిడ దాన్ని వాసన చూసి, "ఏంటండీ ఈ కంపు!" అంటూ బకెట్లో సర్ఫు కలిపి నానబెట్టేసింది. సోమవారం పొద్దున చూస్తే కోటు నీళ్లలో ఉంది, తొడుగులు దండెం మీద ఉన్నాయి. ఆవిడ మీద కేకలేశాను. నా తప్పు ఎప్పుడూ ముందు ఎవరో ఒకరి మీద కేకగానే బయటికొస్తుంది. తర్వాత స్వెట్టరు వేసుకుని రేపల్లె ప్యాసింజరెక్కాను.

ఆ రోజే కంటైనర్ వచ్చింది. ఫ్రీజర్లోంచి పెట్టెలు అందించడానికి ఇద్దరున్నారు. వాళ్లలో పెద్దాయన నిజాంపట్నం వైపు మనిషి. ఇరవై ఏళ్లు పడవ మీద వేటకెళ్లి, నడుము పట్టేశాక ఇటు వచ్చాడు. ఖాళీ ఉన్నప్పుడు పదిమంది వలలూ బాగుచేసేవాడు. ఆ పనిలో ఆయన చేతికి తిరుగులేదని పేరు. నేను బాబాయ్ అనేవాణ్ణి, ఆయన నన్ను బాబూ అనేవాడు.

జిప్పు పోయిన కోటు రెండో అతను వేసుకున్నాడు. పెద్దాయన ఖాళీ కొక్కెం వంక చూశాడు.

"కోటేది బాబూ?"

"ఉతకడానికెళ్లింది బాబాయ్. ఈ పూటకి సర్దుకో. పావుగంట పనే కదా."

అబద్ధం కూడా ఆడలేదు, అదీ నా తెలివి. ఆయన నవ్వి, "సముద్రం మీద ఇంతకన్నా చలి చూశాం లెండి" అంటూ తువ్వాలు తలకి చుట్టుకున్నాడు. రొయ్యలు ఒలిచే షెడ్డులోంచి పల్చటి నూలు తొడుగులు తెచ్చుకున్నాడు. అవి తడిగా ఉన్నాయి. నేను చూశాను. కంటైనర్ డ్రైవరు తొందరపెడుతున్నాడు. టిక్కు పెట్టేశాను.

పావుగంట కాస్తా ముప్పావుగంట అయింది. మధ్యలో ఒక్కసారైనా బయటికి పిలవాలి. పిలవలేదు.

పని అయ్యాక టీ ఇస్తే గ్లాసు ఆయన చేతిలోంచి జారిపోయింది. ఎడమచేతి వేళ్ల కొనలు మైనంలా తెల్లబడి ఉన్నాయి.

"నొప్పిగా ఉందా బాబాయ్?"

"నొప్పేం లేదు బాబూ. అసలేం తెలవట్లేదు."

నొప్పి లేదన్నాడు కదా అని ఊపిరి పీల్చుకున్నాను. ఏమీ తెలియకపోవడమే ప్రమాదమని క్లాసులో చెప్పే పెద్దమనిషిని!

మర్నాటికి బొబ్బలొచ్చాయి, తర్వాత వేళ్లు నల్లబడ్డాయి. చిటికెన వేలు, ఉంగరం వేలు కొనలు తీసేయాలని తెనాలిలో డాక్టరు చెప్పాడు. మేనేజరు మా ఇద్దర్నీ పిలిచి రిజిస్టరు తెరిచాడు.

"కోటేసుకున్నట్టే ఉందిగా. మరి ఇదేంటయ్యా?"

నోరు తెరవాల్సింది నేను. పెద్దాయన నా వైపు ఒక్కసారి చూసి, మేనేజరుతో అన్నాడు.

"ఉక్కగా ఉందని తీసేశానండి."

మేనేజరు ముందు నవ్వాడు, తర్వాత తిట్టాడు. "ఫ్రీజర్లో ఉక్కేంటి! వీళ్లకెన్ని క్లాసులు చెప్పి ఏం లాభం?" అని నన్నే ఓదార్చాడు. దొంగకి తేలు కుట్టినట్టు నిలబడ్డాను. తప్పు పనివాడిదేనని కాగితం రాశారు, ఇక పనిలోకి రావద్దన్నారు. ఆ కాగితం కింద సాక్షిగా నా సంతకం ఉంది.

నా మీద అభిమానంతో కాపాడాడని కొన్నాళ్లు అనుకున్నాను. అలా అనుకోవడం కూడా సిగ్గులేనితనమే. ఆయన కోడలు ఒలిచే షెడ్డులో పనిచేసేది. పొద్దున్నే గేటు దగ్గర ఎవరిని లోపలికి పిలవాలో నిర్ణయించేది నేను. ఆయన చూపులో ఉన్నది అభిమానం కాదు, ఆ లెక్క.

కంపెనీ తర్వాత ఆరు కొత్త కోట్లు కొంది, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. నేను బత్తాయిలు కొనుక్కుని ఆయన ఇంటికెళ్లాను. నిజం చెప్పేయాలని దారంతా మాటలు కూడబలుక్కున్నాను. ఆయన గుమ్మంలో కూర్చుని, కట్టున్న చేత్తో వల ముడి బిగించడానికి తంటాలు పడుతున్నాడు. ముడి జారిపోతోంది, మళ్లీ వేస్తున్నాడు. ఆయన భార్య నాకు కుర్చీ తుడిచి వేసింది.

"మీరన్నా చెప్పండి బాబూ! ఇచ్చిన కోటు ఇప్పేసుకుంటాడా ఎవడన్నా? ఊళ్లో అందరూ నవ్వుతున్నారు."

ఆయన తలెత్తలేదు. కూడబలుక్కున్న మాటలు గొంతు దాకా వచ్చాయి. కానీ నా నోట్లోంచి వచ్చింది వేరు.

"అవును బాబాయ్. ఇచ్చినప్పుడు వేసుకోవాలి."

"అలాగేనండి" అన్నాడాయన.