తన్ని మొక్కిన చిన్నాయిన

మొన్న మోకాళ్ల నొప్పులని మా చిన్నాయినను దవాఖానకు తీసుకెళ్తే, డాక్టరమ్మ ఎక్స్‌రేను వెలుగుకు పెట్టి చూసి, ఏం పని చేసేవారని అడిగింది. "టైర్లకు పంచర్లు ఏసేటోన్ని మేడం. సాయంత్రం పూట మనుషులను ఎత్తేస్తుంటి" అన్నాడు. ఆవిడ కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుంది. ఆయన ఎత్తేసినవాళ్లంతా ముందే ఒప్పుకున్నవాళ్లేనని నేను సర్దిచెప్పాను.

తెలంగాణ వచ్చిన కొత్తలో కొత్తకోట హైవే పక్కన చిన్నాయినది పంచర్ షాపు, దాన్నానుకొని ఆయన దోస్తు భాయ్‌ది వెల్డింగ్ షాపు. టీవీలో వచ్చే జోడీ కుస్తీలంటే ఇద్దరికీ ప్రాణం. జట్టుకు ఇద్దరు, బరిలో ఒకడు; అలసిపోతే తాళ్ల బయటున్న జోడీదారు చెయ్యి తట్టి లోపలికి పిలవాలి. చూసి చూసి, మనకేం తక్కువనుకున్నారు. భాయ్ పైపులు అతికించి బరి చేశాడు. చిన్నాయిన పాత ట్యూబులు కోసి చుట్టూ తాళ్లు కట్టాడు. అవి మనిషిని ఎంత దూరం విసిరేవంటే, మొదట్లో ప్రత్యర్థుల కన్నా తాళ్ల చేతిలోనే ఎక్కువ దెబ్బలు తిన్నారు. చిన్నమ్మ పాత కర్టెన్ కోసి ఇద్దరికీ చెడ్డీలు కుట్టింది. ఎంత భయంకరంగా గర్జించినా నడుము మీద మల్లెపూలు కనబడేవి. మైకు పట్టుకోవడం, కిందపడ్డవాడు లేవకుంటే మూడు లెక్కపెట్టి ఓడినట్టు చెప్పడం నా పనులు. డిగ్రీ తప్పినవాడికి అంతకన్నా గౌరవమైన ఉద్యోగం మా దగ్గర లేదు.

మా జోడీకి పేరొస్తున్నకొద్దీ నకిరేకల్ జోడీ అడ్డం పడింది. నిమ్మకాయల వ్యాపారం చేసే అన్నదమ్ములు. ఎవరు గెలవాలో చాయ్ తాగుతూ ముందే మాట్లాడుకునేవాళ్లం గానీ, వాళ్లకు తాము గెలిచే వంతు మాత్రమే గుర్తుండేది. మావాళ్లు ఓడి ఓడి ఇంటికొస్తుంటే చిన్నమ్మ విసిగిపోయింది.

"ఉత్తుత్తి కుస్తీల గూడ ఓడుడేంది? గీసారి గెలువకుంటే గా చెడ్డీలు మసిగుడ్డలైతయ్, చెప్తున్న."

చిన్నాయిన ముఖం గాలిపోయిన ట్యూబయింది. పొద్దంతా లారీల కింద పడుండే మనిషి. నలుగురూ తలెత్తి చూసేది ఆ బరి మీదే. అదీ పోతే ఇంకేముంది?

కోతలయ్యాక నకిరేకల్‌లోనే పోటీ. ఆ అన్నదమ్ములు మాటమీద నిలబడతారో లేదో చూద్దామని చిన్నమ్మా వచ్చింది. భాయ్ ఈసారి అన్నదమ్ముల చేత నిమ్మకాయల బస్తా మీద చెయ్యి పెట్టించి ఒట్టేయించాడు. చిన్నాయిన ఎగిరి తన్నాలి, అన్న పడాలి, అతని మీద పడుకుంటే నేను మూడు లెక్కపెట్టాలి. అంతే.

భాయ్ చెయ్యి తట్టాడు. చిన్నాయిన ఎగిరాడు. "పిడుగు!" అని నేను మైకులో అరిచాను. రెండు కాళ్లూ ఛాతీకి తగిలాయి, అన్న మాట ప్రకారం పడ్డాడు. కానీ కాలు తగిలింది పరాయి మనిషికాయె! చిన్నాయిన గబుక్కున వంగి, ఆయన ఛాతీ తాకి, చేతులు కళ్లకద్దుకున్నాడు. స్పృహ తప్పి ఉండాల్సిన అన్న లేచి కూచొని, "ఏం గాదు తమ్మీ, సల్లగుండు" అని నెత్తిమీద చెయ్యి పెట్టాడు. ఈలోగా అతని తమ్ముడు వెనకనుంచి వచ్చి, వంగిన చిన్నాయినను దొర్లించి మీద కూచున్నాడు. నేను మూడు లెక్కపెట్టక తప్పలేదు.

"అరె అన్నా, గెలిచినంక మొక్కరాదే!" అని భాయ్ తాళ్లు పట్టుకొని మొత్తుకున్నాడు.

జనం మాత్రం పడీపడీ నవ్వుతున్నారు. "ఇంకోపాలి తన్ను! ఇంకోపాలి మొక్కు!" అని ఈలలు. బస్సులో చిన్నాయిన తలొంచుకొని, "ఓడిపోతి గదనే. చెడ్డీలు ఇచ్చేస్త తియ్" అన్నాడు. చిన్నమ్మ కొంగు నోట్లో కుక్కుకొని చాలాసేపు ఊగి, చివరికి తేరుకొని, "మసిగుడ్డలకు ఇంట్ల వేరే బట్టలున్నయ్. నువ్వు గా మొక్కుడు మాత్రం మానకు" అంది.

ఆ తర్వాత ఏ ఊరు పిలిచినా ఆ మొక్కు కోసమే. తన్నించుకునే వంతు నాదంటే నాదని అన్నదమ్ములే కొట్లాడుకునేవారు. ఏ ఊళ్లో ఎవరు గెలిచారో నేను గొంతు చించుకొని చెప్పినవాడినే, ఇప్పుడు ఒక్కటీ గుర్తులేదు. కాలం గెలుపులను నమలకుండానే మింగేస్తుంది గానీ, నవ్వులు దాని పళ్లసందున ఇరుక్కొని ఉండిపోతాయి.