ప్రతిధ్వని రాని చోటు

మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌కి ఈమధ్య గొంతు పెట్టించారు. రెండో అంతస్తులో ఆగి, "థర్డ్ ఫ్లోర్" అని తీయగా ప్రకటిస్తుంది. తప్పు చెప్పినందుకు కాదు, ఆ ధీమాకే నా బాధ. ఆ గొంతు విన్నప్పుడల్లా రూతు మేడం గుర్తొస్తారు. విశాఖ హార్బర్‌లో సముద్రపు లోతులు కొలిచే చిన్న కంపెనీలో ఆవిడ నా మొదటి బాస్.

నేను చేరిన కొత్తలో ఒక మధ్యాహ్నం, సర్వే బోటు తెచ్చిన లోతుల ఫైలును మా సాఫ్ట్‌వేర్ తెరవనంది. బయట బొగ్గు ఓడ ఒకటి లంగరు వేసుకుని ఉంది. లోతుల పటం మేము ఇస్తే తప్ప దాన్ని లోపలికి రానివ్వరు. ఆ ఫైలును మామూలు టెక్స్ట్ అనుకుని ప్రోగ్రాములు రాసే పైథాన్‌లో తెరిచాను. అది కాస్త చదివి, నావల్ల కాదని ఎర్రర్ ఇచ్చి ఊరుకుంది.

మేడం వెనక నుంచి చూశారు. "అది ఉత్తరం కాదు బాబూ, సదివెయ్యడానికి. బైనరీ మోడ్‌లో తెరువు. బైట్లన్నీ హెక్స్‌లో పరువు. ముందు సూడు, లెక్కలు తర్వాత."

పరిచాను. వరసకి పదహారు బైట్లు, పదికి బదులు పదహారు గుర్తులుండే లెక్కలో, ఒక్కోటీ రెండేసి గుర్తులుగా. 06 40 అనే జంట, దాన్ని పోలినవి, మళ్లీ మళ్లీ కనబడ్డాయి. లోతు సెంటీమీటర్లలో ఉంటుందని తెలుసు కనక చకచకా మార్చేసి, "నూట అరవై నాలుగు మీటర్లు మేడం," అన్నాను.

"మన హార్బర్లోనా? అయితే అడుగు తవ్వే డ్రెడ్జింగోళ్లందర్నీ ఇళ్లకి పంపేద్దాం. జంటని తిరగేసి సదివావేటి?"

తిరగేసే చదివాను. సరిగ్గా చదివితే పదహారు వందల సెంటీమీటర్లు, అంటే పదహారు మీటర్లు.

మధ్యలో కొన్నిచోట్ల మాత్రం FF FF అని ఉంది. బోటు నుంచి పంపిన శబ్దానికి అడుగు నుంచి ప్రతిధ్వని రాలేదని పరికరం అలా చెప్పుకుంటుంది. నేను చదువుకున్నవాణ్ణి కనక, అటూ ఇటూ లోతుల సగటుతో ఆ ఖాళీలు పూడ్చేలా రెండు లైన్లు రాశాను. పటం ముచ్చటగా వచ్చింది. మేడం ఆ రెండు లైన్లూ తీయించి, బోటును మళ్లీ అక్కడికే పంపారు.

ఓడ ఏజెంటు ఫోన్‌లో అరిచాడు. "సుట్టూ పదారుంటే మద్దిలో గుట్టెక్కడి నుంచొస్తాదమ్మా?"

"గుట్టుందన్లేదు బాబూ. తెలీదంటన్నాను."

చీకటి పడేలోపు బోటు తిరిగొచ్చింది. గుట్టా లేదు, గిట్టా లేదు. ఓడ కదిలింది.

ఇప్పుడు నా కిందా కొంతమంది పనిచేస్తున్నారు. ఏ ఫైలైనా మా తెర మీద ముందు హెక్స్‌లోనే పరుచుకుంటుంది. ప్రతిధ్వని రాని చోటు పటంలో ఖాళీగానే ఉంటుంది. పటానికి చిల్లులు పడ్డాయని క్లయింట్లు అంటారు. పడ్డాయనే ఒప్పుకుంటాను.

ఆ సాయంత్రానికి నాకు ఇంత వినయం ఇంకా అబ్బలేదు. రెండు పటాలూ పక్కపక్కన పెట్టి చూస్తే, నా సగటుకీ అసలు లోతుకీ జానెడు తేడా కూడా లేదు. "చూశారా మేడం, నేను వేసిందే సరిపోయింది," అన్నాను.

ఆవిడ బ్యాగు భుజాన వేసుకుంటూ అన్నారు: "సరిపోయింది. కానీ నువ్వు సూడ్లేదు."